లండన్ ఫ్లాట్ లీజు పొడిగింపు: నోటీసు ఇవ్వాలా, బేరమాడాలా, ఆగాలా?

"అన్నా, ఫ్రీహోల్డర్ ఏజెంట్ దగ్గర్నుంచి లెటర్ వచ్చింది. ఆరు వారాల్లో లీజు పొడిగించి ఇస్తాడట. సంతకం పెట్టేయమంటావా?" అని మొన్నామధ్య రెడింగ్‌లో ఉండే ఓ తమ్ముడు ఫోన్ చేశాడు. ఎన్ని పౌండ్లు అడిగారో టకటకా చెప్పాడు. లీజులో ఇంకా ఎన్నేళ్ళు మిగిలాయని అడిగితే మాత్రం, "వంద లోపు ఏదో ఉందన్నా, చూడాలి" అన్నాడు. గ్రౌండ్ రెంట్ (స్థలం కోసం ఫ్రీహోల్డర్‌కి ఏటా కట్టే అద్దె) ఎంత, ఏ సంవత్సరంలో పెరుగుతుంది అంటే అదీ చూడాలన్నాడు.

అతన్ని తప్పు పట్టలేను. 2015లో తూర్పు లండన్‌లో మేం రెండు బెడ్‌రూముల ఫ్లాట్ కొన్నప్పుడు నా పరిస్థితీ అంతే. మన దగ్గర హైదరాబాద్‌లోనో విజయవాడలోనో అపార్ట్‌మెంట్ కొంటే, ఫ్లాట్‌తో పాటు స్థలంలో అవిభాజ్య వాటా కూడా మన పేరున రిజిస్టర్ అవుతుంది. మీ వాటాకి ఎన్ని గజాలొచ్చాయని చుట్టాలు అడిగేది అందుకే. ఇంగ్లండ్, వేల్స్‌లో చాలా మటుకు ఫ్లాట్లకి ఒక్క గజం కూడా రాదు. మనం కొనేది ఫలానా తేదీ దాకా అందులో ఉండే హక్కు మాత్రమే. స్థలం, గోడలు, పైకప్పు ఫ్రీహోల్డర్‌వి, అంటే బిల్డింగ్ అసలు యజమానివి. గడువు అయిపోయే కొద్దీ ఫ్లాట్ విలువ కరిగి అటు వైపు పోతుంది. (స్కాట్లండ్‌లో ఉండేవాళ్ళకి ఈ బెడద దాదాపు లేదు. అక్కడి చట్టం వేరు.)

పొడిగించుకునే దారులు ప్రధానంగా మూడు. చట్టప్రకారం నోటీసు ఇచ్చి హక్కుగా తీసుకోవడం ఒకటి, ఫ్రీహోల్డర్‌తో నేరుగా బేరం కుదుర్చుకోవడం ఇంకొకటి, 2024లో వచ్చిన కొత్త చట్టం పూర్తిగా అమలయ్యే దాకా ఆగడం మూడోది. వీటి పక్కన బిల్డింగ్‌లో వాళ్ళంతా కలిసి ఫ్రీహోల్డే కొనేయడం, లేదా ఉన్నదున్నట్టు అమ్మేయడం అనేవి కూడా ఉన్నాయి. ఏది మంచిదని ఒక్క ముక్కలో చెప్పమంటే చెప్పలేను. ఎందుకంటే జవాబు మీ లీజు మొదటి పేజీల్లో ఉండే రెండు విషయాల మీద ఆధారపడి ఉంటుంది: తేదీ, గ్రౌండ్ రెంట్.

ముందు కాగితం తీయండి

మీ దగ్గర లీజు కాపీ లేకపోతే హెచ్‌ఎం ల్యాండ్ రిజిస్ట్రీలో దొరుకుతుంది. టైటిల్ రిజిస్టర్ ఆన్‌లైన్ కాపీకి 7 పౌండ్లు. ప్రభుత్వ వెబ్‌సైట్ నుంచే తీసుకోండి. అదే కాగితానికి నాలుగైదు రెట్లు వసూలు చేసే ప్రైవేటు సైట్లు గూగుల్‌లో ముందు కనిపిస్తాయి, జాగ్రత్త.

మా లీజులో ఆ వాక్యం ఇలా ఉంటుంది: 2006 మార్చి 25 నుంచి 99 సంవత్సరాలు. మార్చి 25 ఏమిటని మొదట్లో నాకూ అర్థం కాలేదు. ఇక్కడ పాతకాలం నుంచీ అద్దెల లెక్క మార్చి 25, జూన్ 24, సెప్టెంబర్ 29, డిసెంబర్ 25 తేదీల మీద నడుస్తుంది. లీజులు కూడా తరచు ఆ తేదీల నుంచే మొదలవుతాయి. మనం ఎప్పుడు కొన్నాం, ఎప్పుడు తాళాలు తీసుకున్నాం అన్నదానితో పని లేదు. మేం కొన్నప్పుడు "99 ఏళ్ళ లీజు" అన్నారు. 99 ఏళ్ళు మా చేతిలో ఉన్నాయనుకున్నాం. నిజానికి అప్పటికే తొమ్మిదేళ్ళు అయిపోయాయి. ఈ సంగతి నాకు తెలిసింది 2023 నవంబర్‌లో, మార్ట్‌గేజ్ ఫిక్స్‌డ్ రేటు గడువు అయిపోతోందని బ్రోకర్‌కి ఫోన్ చేసినప్పుడు. "ఇంకా ఎన్నేళ్ళుంది?" అని ఆయన అడిగితే లెక్కేసుకున్నాను. 81 ఏళ్ళ నాలుగు నెలలు. ఆయన ఒక్క క్షణం ఆగి, "ఈ మాట మీద ముందు ఎవరినైనా కలవండి" అన్నాడు. ఆ రాత్రి టెన్షన్‌తో నిద్ర పట్టలేదు.

80 ఏళ్ళ గీత

ఇప్పుడున్న చట్టంలో 80 అనేది చాలా పెద్ద అంకె. నోటీసు ఇచ్చిన రోజున లీజులో 80 ఏళ్ళ కంటే ఎక్కువ మిగిలి ఉంటే ప్రీమియంలో, అంటే పొడిగింపుకి ఫ్రీహోల్డర్‌కి కట్టే మొత్తంలో, రెండే భాగాలుంటాయి. ఒకటి, ఇక మీదట ఫ్రీహోల్డర్ పోగొట్టుకునే గ్రౌండ్ రెంట్ విలువ. రెండు, లీజు అయ్యాక అతని చేతికి రావలసిన ఫ్లాట్ ఇంకో 90 ఏళ్ళు ఆలస్యమవుతుంది కాబట్టి దానికి పరిహారం. 80 గానీ అంతకంటే తక్కువ గానీ ఉంటే మూడో భాగం కలుస్తుంది. దాన్ని మ్యారేజ్ వాల్యూ అంటారు. లీజు పొడిగించడం వల్ల ఆస్తి మొత్తం విలువ ఎంత పెరుగుతుందో లెక్కేసి, అందులో సగం ఫ్రీహోల్డర్‌కి ఇవ్వాలి.

అంకెలతో చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. పొడవాటి లీజుతో 3,00,000 పౌండ్లు పలికే ఫ్లాట్, ఏడాదికి 200 పౌండ్ల స్థిరమైన గ్రౌండ్ రెంట్ అనుకుందాం. భవిష్యత్తు విలువని ఈ రోజుకి తగ్గించడానికి ఫ్లాట్లకి మామూలుగా వాడే 5 శాతం రేటు, గ్రౌండ్ రెంట్‌కి 6 శాతం తీసుకున్నాను. 85 ఏళ్ళు మిగిలి ఉంటే ప్రీమియం సుమారు 8,050 పౌండ్లు. 81 ఏళ్ళ దగ్గర సుమారు 9,070. నాలుగేళ్ళకి వెయ్యి పౌండ్ల తేడా, ఫర్వాలేదు. ఇప్పుడు 78కి రండి. పొట్టి లీజుతో ఆ ఫ్లాట్ విలువ 92 శాతమే, అంటే 2,76,000 పౌండ్లే ఉంటుందని పట్టుకుంటే, ప్రీమియం దాదాపు 17,000 అవుతుంది. మూడేళ్ళలో రెట్టింపుకి దగ్గర. 70 దగ్గర, విలువ 86 శాతమనుకుంటే, 27,500 దాటుతుంది. ఆ 92, 86 శాతాలు నేను ఉదాహరణకి పెట్టినవి. అసలు గొడవంతా వీటి దగ్గరే జరుగుతుంది, మీ సర్వేయర్ (ఫ్లాట్‌కి విలువ కట్టే నిపుణుడు) ఒకటంటాడు, వాళ్ళ సర్వేయర్ ఇంకొకటంటాడు. అయినా 80 దాటి కిందికి జారగానే ఖర్చు ఎలా ఎగబాకుతుందో దీనితో అర్థమవుతుంది.

నోటీసు దారి

1993 నాటి లీజ్‌హోల్డ్ రిఫార్మ్, హౌసింగ్ అండ్ అర్బన్ డెవలప్‌మెంట్ చట్టం ఫ్లాట్ ఉన్నవాళ్ళకి ఇచ్చిన హక్కు ఇది. మొదట 21 ఏళ్ళకి మించి ఇచ్చిన లీజు అయి ఉండాలి. సెక్షన్ 42 నోటీసు ఇస్తే, మిగిలిన ఏళ్ళకి అదనంగా 90 ఏళ్ళు కలుస్తాయి. గ్రౌండ్ రెంట్ కొత్త లీజు మొదలైన రోజు నుంచీ పెప్పర్‌కార్న్ అయిపోతుంది. పెప్పర్‌కార్న్ అంటే మిరియం గింజ. ఏడాదికి ఒక మిరియం గింజ అద్దె అని కాగితం మీద రాస్తారు, కట్టేది ఏమీ ఉండదు. ఫ్రీహోల్డర్‌కి ఇష్టమున్నా లేకపోయినా ఇవ్వాలి. ధర మీద గొడవ పడవచ్చు గానీ ఇవ్వనని అనలేడు.

ఇదివరకు ఫ్లాట్ కొని రెండేళ్ళు అయితేనే నోటీసు ఇవ్వడానికి వీలుండేది. 2025 జనవరి 31 నుంచి ఆ నిబంధన పోయింది. ఇవాళ కొని, ల్యాండ్ రిజిస్ట్రీలో పేరు ఎక్కగానే నోటీసు ఇవ్వవచ్చు. పాత సలహాలు చదివి రెండేళ్ళు ఆగాలనుకుని కూర్చునేవాళ్ళు ఇంకా ఉన్నారు, వాళ్ళకి చెప్పండి.

ఈ దారిలో నాకు బాగా నచ్చేది, ధర నోటీసు ఇచ్చిన తేదీకి కట్టేయబడటం. తర్వాత బేరం ఏడాది నడిచినా, ఈలోగా లీజు 80 కిందికి జారినా, లెక్క ఆ రోజుదే. మా నోటీసు 2024 జనవరిలో వెళ్ళింది, 81 ఏళ్ళ రెండు నెలలు మిగిలి ఉండగా. కొత్త లీజు మీద సంతకాలు అయింది నవంబర్‌లో. ఆ పది నెలలూ క్యాలెండర్ చూసి గుండె దడ పట్టకుండా ఉండగలిగామంటే ఆ ఒక్క నియమం వల్లే.

కష్టాలు కూడా చెప్పాలి. ఇది నింపాదిగా నడిచే వ్యవహారం. కౌంటర్ నోటీసు (మన నోటీసుకి జవాబు) ఇవ్వడానికి ఫ్రీహోల్డర్‌కి కనీసం రెండు నెలల గడువు ఇవ్వాలి, చాలామంది ఆఖరి వారం దాకా ఇవ్వరు. మనం అడిగిన ప్రీమియంలో 10 శాతం గానీ 250 పౌండ్లు గానీ, ఏది ఎక్కువైతే అది డిపాజిట్‌గా అడగవచ్చు. మన సొలిసిటర్ (లాయర్), మన సర్వేయర్ ఫీజులతో పాటు, వాళ్ళ సొలిసిటర్, సర్వేయర్‌కి అయిన సమంజసమైన ఖర్చు కూడా మనమే భరించాలి. ధర కుదరకపోతే ఫస్ట్ టియర్ ట్రిబ్యునల్‌కి వెళ్ళాలి. వేల్స్‌లో అయితే లీజ్‌హోల్డ్ వాల్యుయేషన్ ట్రిబ్యునల్. అక్కడి ఖర్చులు మాత్రం ఎవరివి వాళ్ళవే. చాలా కేసులు అంత దూరం పోకుండా దారిలోనే సర్దుబాటు అవుతాయి.

ఒక్క గడువు మాత్రం గోడ మీద రాసిపెట్టుకోండి. కౌంటర్ నోటీసు వచ్చాక రెండు నెలలు దాటి, ఆరు నెలలు నిండకముందే ట్రిబ్యునల్‌లో దరఖాస్తు పడాలి. ఫ్రీహోల్డర్ తీపి మాటలు చెబుతూ ఆరు నెలలు గడిపేస్తే, మీ నోటీసు వెనక్కి తీసుకున్నట్టే లెక్క. మళ్ళీ ఇవ్వాలంటే ఏడాది ఆగాలి. 81 ఏళ్ళ దగ్గర మొదలుపెట్టినవాళ్ళు ఆ ఏడాదిలో గీత దాటిపోతారు. బేరం బాగా నడుస్తున్నా సరే, మా సొలిసిటర్ అయిదో నెలలో దరఖాస్తు వేసేశారు. అది శత్రుత్వం ప్రకటించడం ఏమీ కాదు, ఫ్రీహోల్డర్లకి ఇది రోజూ చూసే వ్యవహారమే.

హైదరాబాద్ తిరిగి వెళ్ళిపోయి ఇక్కడి ఫ్లాట్ అద్దెకి ఇచ్చినవాళ్ళు అడిగే ప్రశ్న: మేం అక్కడ లేం కదా, మాకు హక్కు ఉందా? ఉంది. ఆ ఫ్లాట్‌లో నివసించి ఉండాలన్న పాత షరతు 2002 చట్టంతోనే పోయింది. నోటీసు మీద స్వయంగా సంతకం చేయాలన్న పట్టింపు కూడా 2014లో తొలగించారు, మీ తరఫున సొలిసిటర్ చేయవచ్చు. మీ ఉత్తరాలు పాత అడ్రస్‌కి వెళ్ళి అక్కడే పడి ఉండకుండా చూసుకోండి, అంతే.

నేరుగా బేరం

నోటీసు ఇవ్వకముందు మా ఫ్రీహోల్డర్ ఏజెంట్‌కి ఒక ఈమెయిల్ పెట్టాను, పొడిగించడానికి ఎంత అడుగుతారని. వారంలో లెటర్ వచ్చింది. మందపాటి కాగితం, పైన నీలం రంగు లోగో. లీజుని 125 ఏళ్ళకి పెంచుతాం, ప్రీమియం 7,500 పౌండ్లు, ఎనిమిది వారాల్లో పూర్తి. అంతకు ముందు మా సర్వేయర్ చట్టప్రకారం అయితే 14 వేల పైచిలుకు అవుతుందని చెప్పి ఉన్నాడు. సగం ధర! వంటింట్లో నిలబడి మా ఆవిడకి చదివి వినిపించాను. ఆమె లెటర్ తీసుకుని రెండో పేజీ తిప్పి, "125 ఏళ్ళు ఎప్పటినుంచి?" అంది.

2006 మార్చి 25 నుంచి. అంటే మాకు కొత్తగా కలిసేది 26 ఏళ్ళు. ఆ కింద ఇంకో లైను, అద్దె విషయంలో పాత లీజులోని షరతులు మారవని. మా పాత లీజులో గ్రౌండ్ రెంట్ 250 పౌండ్లు, ప్రతి 25 ఏళ్ళకీ రెట్టింపు. 2031 నుంచి 500, 2056 నుంచి 1,000, 2081 నుంచి 2,000. 2022 జూన్ 30న అమల్లోకి వచ్చిన గ్రౌండ్ రెంట్ చట్టం కొత్త లీజుల్లో అద్దె లేకుండా చేసింది నిజమే. కానీ ఇలా ఇష్టపూర్వకంగా పొడిగించినప్పుడు, పాత లీజు మిగిలిన కాలానికి పాత అద్దె కొనసాగించడానికి అది ఒప్పుకుంటుంది. అదనంగా కలిపిన ఏళ్ళకే సున్నా. అంటే 2105 దాకా ఆ రెట్టింపులు మమ్మల్నో, మా తర్వాత కొన్నవాళ్ళనో వదలవు. రెట్టింపయ్యే గ్రౌండ్ రెంట్ ఉన్న ఫ్లాట్‌కి అప్పు ఇవ్వడానికి లెండర్లు వెనకాడతారు. అలాంటి ఫ్లాట్‌ని అమ్మబోతే కొనేవాళ్ళ సొలిసిటర్ మొదట పట్టుకునేది ఆ లైనే.

కూర్చుని లెక్కేశాం. 7,500కి 26 ఏళ్ళు అంటే ఏడాదికి 288 పౌండ్లు, గ్రౌండ్ రెంట్ అదనం. చివరికి మేం నోటీసు దారిలో కట్టింది 14,200. దానికి 90 ఏళ్ళు వచ్చాయి, ఏడాదికి 158 పౌండ్లు, గ్రౌండ్ రెంట్ లేదు. ఫీజులన్నీ కలిపి ఇంకో 4,000 దాకా అయ్యాయి, అవి కలుపుకున్నా నోటీసు దారే చవక. ఆ లెటర్ ప్రకారం పోయి ఉంటే 2051లో మళ్ళీ 80 ఏళ్ళ గీత దగ్గరికి వచ్చేవాళ్ళం.

అందుకే నా గట్టి అభిప్రాయం ఇది: బేరం దారిలో ప్రీమియం అంకె చివర చూడండి. ముందు కొత్త లీజు ఏ తేదీకి ముగుస్తుందో చూడండి, తర్వాత గ్రౌండ్ రెంట్ ఎప్పటి నుంచి సున్నా అవుతుందో చూడండి. ఆ తర్వాత కొత్త షరతులు ఏమైనా దూర్చారా చూడండి. అద్దెకి ఇవ్వడానికి అనుమతి ఫీజు, పెంపుడు జంతువుకి అనుమతి ఫీజు, ఇలాంటివి పాత లీజులో లేకపోయినా కొత్తదాంట్లో కనిపిస్తుంటాయి. ఇంకోటి, సంతకాలయ్యే దాకా ఎవరూ ఎవరికీ కట్టుబడి లేరు. ఆరు నెలలు మాట్లాడి చివర్లో ధర పెంచినా మీరు అడగడానికి లేదు. ఆ ఆరు నెలల్లో మీ లీజు 80 దాటి కిందికి పోతే నష్టం మీదే.

అలాగని బేరం దారి చెడ్డదని నేననను. బిల్డింగ్‌లో వాళ్ళే కలిసి పెట్టుకున్న కంపెనీ దగ్గర ఫ్రీహోల్డ్ ఉంటే, అందులో మీరూ సభ్యులైతే, సొలిసిటర్ ఖర్చుతో 999 ఏళ్ళ లీజు రాయించుకోవచ్చు. దానికి నోటీసులు, కౌంటర్ నోటీసులు ఎందుకు? వచ్చే నెలలో ఫ్లాట్ అమ్ముతున్నారు, కొనేవాడి లెండర్ ఒప్పుకోవడం లేదు అన్నప్పుడు కూడా ఎనిమిది వారాల దారి ఉపయోగపడుతుంది. ఫ్రీహోల్డర్ చట్టంలో ఉన్న షరతులే, అంటే 90 ఏళ్ళు అదనం, మొదటి రోజు నుంచి పెప్పర్‌కార్న్, మిగతావన్నీ పాతవే, ఇలా ఒప్పుకుంటే నిస్సంకోచంగా తీసుకోండి. నోటీసు ఇచ్చాక కూడా బేరం ఆడుకోవచ్చన్నది చాలామందికి తెలియదు. 83 ఏళ్ళ లోపు ఉన్నవాళ్ళు ముందు నోటీసు ఇచ్చి, తేదీని భద్రం చేసుకుని, ఆ తర్వాత మాట్లాడటం మేలు.

ఆగడం

2024 మే 24న రాజముద్ర పడిన లీజ్‌హోల్డ్ అండ్ ఫ్రీహోల్డ్ రిఫార్మ్ చట్టం గురించి వాట్సాప్ గ్రూపుల్లో ఎన్ని ఫార్వర్డ్‌లు తిరిగాయో! 990 ఏళ్ళ పొడిగింపు, మ్యారేజ్ వాల్యూ రద్దు, మామూలుగా ఫ్రీహోల్డర్ ఖర్చులు మన మీద పడకపోవడం, ప్రీమియం లెక్కలో గ్రౌండ్ రెంట్‌ని ఫ్లాట్ విలువలో 0.1 శాతానికి మించి చూడకపోవడం. ఇవన్నీ ఆ చట్టంలో ఉన్నాయి. కానీ చట్టం పాస్ కావడం వేరు, అందులోని సెక్షన్లు అమల్లోకి రావడం వేరు. రెండేళ్ళ నిబంధన పోయింది. బిల్డింగ్ నిర్వహణ హక్కు, అంటే రైట్ టు మేనేజ్ సడలింపులు 2025 మార్చి 3న వచ్చాయి. నేను పైన చెప్పిన డబ్బు విషయాలు, 990 ఏళ్ళు మాత్రం ఇది రాసే నాటికి అమలు కాలేదు. ఫ్రీహోల్డర్లు కోర్టుకి వెళ్ళారు, 2025 అక్టోబర్‌లో హైకోర్టు వాళ్ళ వాదనని తోసిపుచ్చింది. అయినా ప్రీమియం లెక్కకి వాడే రేట్లు ప్రభుత్వం ఇంకా నిర్ణయించాలి. ఆ రేట్లు ఎటు పోతే ప్రీమియం అటు పోతుంది. 2026 జనవరిలో వచ్చిన ఇంకో ముసాయిదా బిల్లులో పాత లీజుల గ్రౌండ్ రెంట్ ఏడాదికి 250 పౌండ్లు మించకూడదన్న ప్రతిపాదన ఉంది. ముసాయిదా ముసాయిదానే, దాన్ని నమ్ముకుని ఇవాళ్టి నిర్ణయం తీసుకోకండి.

మరి ఆగడం ఎవరికి నప్పుతుంది? 100 ఏళ్ళ పైన మిగిలి, గ్రౌండ్ రెంట్ తక్కువగా, స్థిరంగా ఉన్నవాళ్ళకి తొందరేమీ లేదు. ఇప్పటికే 80 దాటి బాగా కిందికి, 72కో 68కో చేరినవాళ్ళకి కూడా ఆగడంలో అర్థముంది. మ్యారేజ్ వాల్యూ రద్దయితే ఎక్కువ లాభపడేది వాళ్ళే. అయితే ఒక షరతు, ఈలోగా అమ్మే పని గానీ కొత్త లెండర్ దగ్గరికి మారే పని గానీ ఉండకూడదు. ఒక్కో లెండర్‌ది ఒక్కో లెక్క అయినా, 70ల్లోకి వచ్చిన లీజుకి తలుపులు మూసుకోవడం మొదలవుతుంది. మీ ఫిక్స్ ఎప్పుడు అయిపోతుందో చూసుకుని మాట్లాడండి.

ఎటూ తేలని స్థితి 81 నుంచి 84 మధ్య ఉన్నవాళ్ళది. చట్టం రేపే అమలైతే ఆగినవాళ్ళు తెలివైనవాళ్ళు. ఇంకో మూడేళ్ళు పడితే, పైన మనం చూసిన 9,000కి 17,000 కట్టే స్థితి. మేం ఉన్నది సరిగ్గా అక్కడే, మేం ఆగలేదు. కొత్త చట్టం వస్తే ఇంకో రెండు మూడు వేలు మిగిలేవేమో. ఆ మిగులు కోసం ఏడెనిమిది వేల రిస్కు నా మనసుకి ఒప్పలేదు. నా తోడబుట్టినవాడు అడిగినా ఇదే చెబుతాను.

అందరూ కలిసి కొనడం

బిల్డింగ్ చిన్నదైతే, ఇరుగుపొరుగుతో మాట కలిసేదైతే, ఇది అన్నింటికంటే మంచి దారి. మొత్తం ఫ్లాట్లలో కనీసం మూడింట రెండు వంతులు పొడవాటి లీజుల మీద ఉండాలి, కనీసం సగం ఫ్లాట్ల వాళ్ళు కలిసి రావాలి. రెండే ఫ్లాట్లుంటే ఇద్దరూ రావాలి. కింద దుకాణాలుంటే అవి నాలుగో వంతు స్థలం దాటకూడదు. ఈ పరిమితిని సగానికి పెంచే మాట కొత్త చట్టంలో ఉంది గానీ, ఫ్రీహోల్డ్ కొనుగోలుకి సంబంధించినంత వరకు అదీ అమలు కాలేదు. కొన్నాక సర్వీస్ ఛార్జ్, ఇన్సూరెన్స్, మేనేజింగ్ ఏజెంట్ ఎవరన్నది అన్నీ మన చేతిలో ఉంటాయి. కానీ ఆ పనంతా ఎవరో ఒకరు చేయాలి. మా బ్లాకులో 24 ఫ్లాట్లు. సగానికి పైగా అద్దెకి ఇచ్చి ఎక్కడో ఉండే యజమానులవి. ఉత్తరాలు వేసి, తలుపులు తట్టి, మూడు నెలల్లో ఏడుగురిని పోగు చేయగలిగాం. పన్నెండు మంది కావాలి. అప్పటికి మాకు సమయం లేక వదిలేశాం, ఇప్పటికీ ఆ లోటు నాకు గుర్తొస్తుంటుంది. ఆరేడు ఫ్లాట్ల బిల్డింగ్‌లో ఉన్నవాళ్ళు మాత్రం ముందు ఈ ప్రయత్నం చేయండి.

మిగతా సందర్భాలు

అమ్మేయాలనుకుంటే, లీజు పొడిగించాకే అమ్మాలని లేదు. మీరు సెక్షన్ 42 నోటీసు ఇచ్చి, ఆ నోటీసు హక్కుని అమ్మకంతో పాటే కొనేవాడికి బదిలీ చేయవచ్చు. నోటీసు తేదీ మీది, డబ్బు అతనిది. రెండింటినీ ఒకేసారి చేసే సొలిసిటర్ జాగ్రత్తగా రాయాలి, ఆ తర్వాత విడిగా బదిలీ చేస్తే చెల్లదు.

ఫ్లాట్ కాకుండా లీజ్‌హోల్డ్ ఇల్లు అయితే 1967 చట్టం వర్తిస్తుంది. అందులో పొడిగింపు 50 ఏళ్ళే, అదీ కొత్త అద్దెతో. ఇళ్ళకి ఫ్రీహోల్డ్ కొనేయడమే మేలు. షేర్డ్ ఓనర్‌షిప్ వాళ్ళు, అంటే ఫ్లాట్‌లో కొంత వాటా మాత్రమే కొన్నవాళ్ళు, 100 శాతం వాటా కొనే దాకా ఈ హక్కు మీద ఆధారపడకండి, ముందు మీ హౌసింగ్ అసోసియేషన్‌ని రాతపూర్వకంగా అడగండి.

ఎవరిని పెట్టుకోవాలి

ఫ్లాట్ కొన్నప్పుడు పని చేసిన సొలిసిటర్ దగ్గరికే వెళ్ళకండి. ఇది ప్రత్యేకమైన పని. లీజుల పని చేసే సొలిసిటర్లు, సర్వేయర్ల సంఘం ఒకటుంది, దాన్ని ఆలెప్ అంటారు. అందులో సభ్యులెవరో చూడండి. ఫోన్‌లోనే రెండు ప్రశ్నలు అడగండి: గత ఏడాది సెక్షన్ 42 నోటీసులు ఎన్ని ఇచ్చారు, ట్రిబ్యునల్ గడువుని ఎవరు గుర్తు పెట్టుకుంటారు. రెండో ప్రశ్నకి తడబడితే ఇంకొకరిని చూసుకోండి. ఎవరికీ డబ్బు కట్టకముందు, ప్రభుత్వ నిధులతో నడిచే లీజ్‌హోల్డ్ అడ్వైజరీ సర్వీస్‌లో ఉచిత సలహా తీసుకోండి. వాళ్ళ వెబ్‌సైట్‌లో ప్రీమియం సుమారుగా చూపించే కాలిక్యులేటర్ కూడా ఉంది. రెడింగ్ తమ్ముడు ఆ రాత్రే అందులో అంకెలు వేసి చూశాడు. అతనికి మిగిలింది 82 ఏళ్ళు. సంతకం ఆపి, సోమవారం సర్వేయర్‌కి ఫోన్ చేశాడు.

మార్ట్‌గేజ్ ఉంటే మీ లెండర్‌కి మొదట్లోనే చెప్పండి. పాత లీజు స్థానంలో కొత్త లీజు వస్తుంది కాబట్టి తాకట్టు కూడా దాని మీదికి మారాలి, ఆ కాగితాలకి వాళ్ళు తీసుకునే సమయం తక్కువేమీ కాదు. సంతకాలు, డబ్బు అన్నీ అయ్యాక కూడా కొత్త లీజు ల్యాండ్ రిజిస్ట్రీలో నమోదయ్యే దాకా పని పూర్తి కానట్టే. దీనికి కొన్ని నెలలు పడుతుంది, చాలామంది ఈలోగా మర్చిపోతారు. నాలుగైదు నెలల తర్వాత మళ్ళీ 7 పౌండ్లు కట్టి రిజిస్టర్ కాపీ తీసి చూసుకోండి. మాది చూసినప్పుడు లీజు ముగిసే తేదీ 2195 మార్చి 25కి లెక్క సరిపోయింది, గ్రౌండ్ రెంట్ దగ్గర పెప్పర్‌కార్న్ అని ఉంది. లెండర్ పేరు మాత్రం ఎక్కలేదు. సొలిసిటర్‌కి ఈమెయిల్ పెడితే రెండు వారాల్లో సరిచేయించారు.